ఆటపెట్టెలో చోటు

బియ్యపు మూట కొనునపుడు నాలుగు గింజలు నోట వేసికొని చూచుదుము. చీర కొనునపుడు అంచు నలిపి, రంగు నిలుచునో లేదో అడిగి తెలిసికొందుము. కాని పిల్లల కొఱకు వేలకొలది రూపాయలు పోసి ఆటపెట్టెను కొనవలసి వచ్చినపుడు మాత్రము, "అది మగవారికి తెలిసిన సంగతి" యని వంటయింటిలోనికి తప్పుకొందుము. ఆ రూపాయలు ఏ డబ్బాలోనుండి వచ్చునో మనకు తెలియును. ఆ పెట్టె మన నట్టింట టీవీ క్రిందనే కూర్చుండును. దానిని గూర్చి పిల్లలలో తగవు పుట్టినపుడు తీర్పు చెప్పవలసినదియు మనమే. కావున అంగడివాడు "ఐదువందల జీబీయా, వెయ్యి జీబీయా?" యని యడిగినపుడు ఆ ప్రశ్నకు అర్థమేమో తెలిసికొనుట మనకు తగని పని కాదు.

మదనపల్లెలో మా యింట, పుంగనూరులో మా చెల్లెలి యింట, కుప్పము దాపున మా తమ్ముని యింట గడచిన రెండు సంవత్సరములలో మూడు పెట్టెలు కొనబడినవి. మూడిండ్లకును సరిపోయిన పెట్టె ఒక్కటి కాదు. ఎందుచేత కాదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన చిన్ననాట ఈ చోటు అను చింతయే లేదు. 1990 ప్రాంతముల మన యూళ్లకు వచ్చిన వీడియోగేము పెట్టెలను చాలమంది చూచియే యుందురు. అరచేయి యంత క్యాసెట్టు ఒకటి పెట్టెపై గ్రుచ్చినంతనే ఆట టీవీలో కనబడెడిది. ఆట యంతయు ఆ క్యాసెట్టులోనే యుండెడిది. పెట్టెలో ఏమియు దాచనక్కఱ లేదు. 1985లో నింటెండో వారు వెలువరించిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తము 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు ఫోనుతో తీసిన ఒక్క పెండ్లి ఫోటో దానికి ఎన్నో రెట్లుండును! తరువాత వచ్చిన ప్లేస్టేషన్ 2 లో ఆట డిస్కునందే యుండెడిది. మన యాట ఎంతవఱకు వచ్చెనో గుర్తుంచుకొనుటకు 8 మెగాబైట్ల చిన్న కార్డు చాలెడిది. 2009లో హైదరాబాదునందలి అరోనా సంస్థవారు 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటను చేసినది ఆ పెట్టె కొఱకే.

ఆ రోజులు గడచినవి. 2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అను పెట్టెలు వచ్చినది మొదలు, డిస్కు కొన్నను ఆట మొత్తము పెట్టెలోని నిల్వలోనికి ఎక్కవలసినదే. డిస్కు ఇంటి తాళపుచెవి వంటిదైనది. సామాను మాత్రము ఇంటిలోనే యుండవలయును. "డిస్కులు కొందుము గదా, మాకు చోటెందుకు?" అను తల్లులు ఈ మాటను గమనింపవలయును.

ఇక కొలత సంగతి. అట్టపెట్టెపై 512 అని వ్రాసినంత మాత్రమున మనకు 512 దక్కదు. అమ్మువారి లెక్కలో గిగాబైటు అనగా నూరుకోట్ల బైట్లు; కంప్యూటరు లెక్కలో అది సుమారు నూటయేడు కోట్లు. ఈ కుంచముల తేడాచేతనే 512 కాస్త 476 అగును. అందులో పెట్టె తన పనికై కొంత చోటు తీసికొనును. 2020 నవంబరులో మన దేశమున 34,990 రూపాయలకు వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ లో తుదకు ఆటలకు మిగులునది 364 మాత్రమే. 2021 ఫిబ్రవరిలో మన దేశమునకు వచ్చిన ప్లేస్టేషన్ 5 లో 825 కి 667 మిగులును. 2017 నాటి నింటెండో స్విచ్ లో 32 కి 26 కూడ నిండుగా మిగులదు. కాని దానికి ఫోనులలో వేయు మైక్రోఎస్‌డి కార్డును చేర్చుకొనవచ్చును. ఆ స్విచ్ మన దేశమున అధికారముగ అమ్మబడలేదు. దిగుమతి వర్తకుల యొద్దనే దొరకెడిది గాన, చెడినచో ఎవరిని అడుగవలయునో తెలియని చిక్కుండెడిది.

ఆటల పరిమాణమును కూడ ఎఱుగవలయును. ఇండ్లు కట్టుకొనుచు ఆడు 'మైన్‌క్రాఫ్ట్' ఒకటి రెండు జీబీలకు మించి ఆశింపదు. ఫుట్‌బాలు, క్రికెట్టు ఆటలు నలువది ఏబదికి చేరును. కారు పందెములు, యుద్ధములు గల పెద్ద ఆటలలో కొన్ని ఒక్కొక్కటియే నూరు జీబీలను మ్రింగును. కాబట్టి 364 లో నూరుది ఒకటి, ఏబదివి రెండు, ముప్పదివి మూడు పట్టి, చిన్న యాటలకు డెబ్బది మిగులును. ఇద్దరు పిల్లలు ఒక సెలవులలో ఆడుటకు ఇది తక్కువ కాదు. ఏడాది పొడుగున వచ్చిన ప్రతి యాటను దాచుకొందుమన్నచో మాత్రము చాలదు.

మా మదనపల్లె టమాటాల సంతకు పేరుపడిన యూరు. టమాటాను ఎవరును పాతరలో దాచరు. కావలసినపుడు తెచ్చి, వండి, తిని మఱచుదురు. రాగులు అట్లు కావు. ఏడాది పొడుగున సంగటికి కావలయును గనుక చోటుచేసి దాచుదుము. ఆటలలోను టమాటా లున్నవి, రాగులున్నవి. వారము దినములు ఆడి విడుచునవి టమాటాలు. దినమును పిల్లలు చేరి ఆడునవి రాగులు. నిల్వచోటు రాగులకు సరిపోయిన చాలును. అయితే ఒక్క నియమము: టమాటాలు సులభముగ దొరకు ఊరివారికే ఈ మాట వర్తించును. సంత దూరమైన యింటివారు టమాటాను కూడ ఒరుగులు చేసి దాచుకొనక తప్పదు. ఆటలకు సంత యనగా ఇంటర్నెట్టు.

మా యింటికి ఫైబరు తీగ యున్నది. నెలకొక రుసుము, ఎంత దింపుకొన్నను వేరుగ లెక్క కట్టరు. సెకనుకు 30 మెగాబిట్ల వేగము నిలిచినచో 50 జీబీల ఆట దిగుటకు నాలుగు గంటలకు లోపే పట్టును. రాత్రి పండుకొనునపుడు మొదలుపెట్టిన తెల్లవాఱులోపల వచ్చియుండును. తీసివేసిన ఆటను మరల తెచ్చుకొనుటకు డబ్బు మరల కట్టనక్కఱ లేదు. అందువలన మా వారును మేమును ఆలోచించి 512 జీబీల సిరీస్ ఎస్ నే తీసికొంటిమి. దానికి డిస్కు పెట్టు చోటులేదు. అది కొందఱికి లోపము. ఫైబరు గల మాకు లోపముగ తోపలేదు.

పుంగనూరులో మా చెల్లెలి పరిస్థితి వేరు. దానికి ఒక్కడే కొడుకు. మిషను కుట్టి కూడబెట్టుకొన్న సొమ్ములో పదునైదు వేలకు మించి తీయ వీలులేదని ముందుగనే చెప్పినది. "అక్కా, కొత్తది కొనలేము. పాతది కొంటే పరువు తక్కువా?" యని ఫోనులో అడిగినది. పరువు మాట యెట్లున్నను, పుంగనూరువారికి చిన్నదాని విలువ ఒకరు చెప్పవలయునా? రెండు మూడడుగుల ఎత్తు మించని ఆ యూరి యావు, కొద్ది మేతతో కడుపు నింపుకొని చిక్కని పాలిచ్చును. పలమనేరు పరిశోధన కేంద్రమున ఆ జాతిని నేటికిని జాగ్రత్తగ కాపాడుచున్నారు. ఇంటికి తగిన పశువే మంచి పశువు. కావున మా చెల్లెలు ఒకరు వాడిన 500 జీబీల ప్లేస్టేషన్ 4 ను డిస్కులతో సహా కొనినది.

పాతపెట్టె కొనునపుడు అది చేసిన పరీక్షలు మన సోదరీమణులకు పనికివచ్చును. అరగంట ఆడించి పంకా హోరెత్తుచున్నదేమో వినినది. డిస్కును మూడుమాఱులు పెట్టి తీసి చూచినది. చేతిపిడిలోని పుల్ల తాకకున్నను బొమ్మ దానంతట నడచుచున్నదేమో గమనించినది. అమ్మువాని ఖాతా తొలగించిన పిమ్మటనే సొమ్ము చేతికిచ్చినది. ప్లేస్టేషన్ 4 లో ఇంకొక సుగుణము కలదు. నిల్వ చాలనిచో ల్యాప్‌టాపులలో వాడు రెండున్నర అంగుళముల డిస్కును ఇంటిలోనే మార్చి పెట్టుకొనవచ్చును. లేదా బయటనుండి యూఎస్‌బి డిస్కును తగిలించి దానినుండియే ఆడవచ్చును. ఒక్క పిల్లవాడు, ఆఱు డిస్కులు గల యింటికి 500 జీబీలు ఇప్పటికి నిండలేదు.

కుప్పము దాపున మా తమ్ముడుండు పల్లెకు ఇంకను ఫైబరు తీగ రాలేదు. ఫోనులో దినమునకు 2 జీబీలు వచ్చు ప్యాకే ఆధారము. ఆ లెక్కన 50 జీబీల ఆట దింపుటకు ఇంటిల్లిపాది ఫోను ముట్టక కూర్చున్నను ఇరువదియైదు దినములు కావలయును. ఆ యింట ఒకసారి వచ్చిన ఆటను తీసివేయుట యనగా బావిలోని నీరు తోడి నేలపాలు చేయుటయే. అందువలన మా తమ్ముడు బెంగుళూరికి పోయినపుడు, వేయి రెండువేలు ఎక్కువైనను 1 టీబీ గల పాత ప్లేస్టేషన్ 4 నే తెచ్చినాడు. ఎక్కువ చోటు కలవారికి విలాసముగ కనబడునది, సంత దూరమైనవారికి అవసరమగును. డిస్కుమీద ఆట వచ్చినను తరువాతి దిద్దుబాట్లు ఇంటర్నెట్టులోనే రావలయును గదా! అందులకై సెలవులలో ఆ పెట్టెను పాతచీరలో చుట్టి మా యింటికి తెచ్చుదురు. నాలుగు దినములు మా ఫైబరు త్రాగి, కడుపు నిండించుకొని మరల కుప్పము పోవును. పుంగనూరు డిస్కులు పలమనేరు మీదుగ పోవు బస్సులో, చింతపండు సంచులలో కుప్పము చేరుచుండును. కుప్పపు డిస్కులు అట్లే వచ్చుచుండును. ఇద్దరును ఒకే జాతి పెట్టె కొనుటచేత కలిగిన లాభమిది. బంధువులలో ఏ పెట్టె యున్నదో కనుగొని కొనుట, ఒక పెద్ద డిస్కు నిల్వకు సమానమైన పొదుపు.

ఇంతవఱకు చెప్పినది లెక్క. ఇక చెప్పబోవునది లెక్కకంటె ముఖ్యమైనది.

మొన్నటి వేసవిలో మూడిండ్ల పిల్లలును మా యింట చేరిరి. మా యమ్మ కూడ వచ్చియుండెను. మా కుమారుడును, కుప్పము మేనల్లుడును ఒక కొత్త కారు పందెముల ఆటకు ఆశపడిరి. దానికి నూరు జీబీల దాపు కావలయును. పెట్టెలో ముప్పది మాత్రమే మిగిలినది. "అత్తా, పాప ఆట తీసేస్తే సరిపోతుంది" అని మేనల్లుడు తేలికగ ననినాడు. మా కుమారుడు తల యూపినాడు. పదేండ్ల మా కుమార్తె మైన్‌క్రాఫ్టులో ఎనిమిది నెలలుగ ఒక యిల్లు కట్టుచున్నది. దానికొక పెరడు, పెరటిలో ఆవులు, మిద్దెపై పూలతొట్లు. ఆ బిడ్డ ఏడ్వలేదు, మాటాడలేదు. తన వంతు వచ్చినదనుకొన్నట్లు చేతిపిడిని నేలమీద పెట్టి లేచిపోయినది. ఆ మౌనమే మమ్ము నొప్పించినది. ఇంటిలో చోటు చాలనపుడు ముందుగ లేవవలసినది తానే యని పదేండ్ల పిల్లకు ఎవరు నేర్పిరి?

మేము నోరు తెఱచులోపల మా యమ్మ అడిగినది: "ఆ బిడ్డ ఆట ఎంతుంటుంది నాయనా?"

"రెండు జీబీలవ్వా."

"మీకు ఇంకా కావలసింది?"

"డెబ్బై."

"రవంత బిడ్డ, రవంత ఆట. దాన్ని లేపితే మీ డెబ్బై ఎట్లా వస్తుంది? ఊరికే బిడ్డ ఏడుపు తప్ప!"

పిల్లలు నవ్విరి. కాని మాకు నవ్వు రాలేదు. మా యమ్మకు జీబీ యననేమో తెలియదు. కూడిక, తీసివేత తెలియును. చిన్నదానిని తీసిన పెద్దదానికి చోటు రాదు. అయినను చోటు కావలసినపుడెల్ల మొదట చిన్నదానినే లెమ్మందుము. ఆటపెట్టెలోనే కాదు, ఇండ్లలోను ఇదియే ఆచారమై యున్నది. బల్ల చాలనిచో ఆడపిల్ల పుస్తకములు క్రిందికి దిగును. గది చాలనిచో అమ్మ కుట్టుమిషను వసారాలోనికి పోవును. వానివలన కలిసివచ్చు చోటెంత?

ఆ దినమున పిల్లలను కూర్చుండబెట్టి పెట్టెలోని ఆటల పట్టికను తెఱపించితిమి. దానిని పరిమాణమును బట్టియు, చివర ఆడిన దినమును బట్టియు వరుసగ చూడవచ్చును. సంక్రాంతి తరువాత ఎవరును తాకని యుద్ధపుటాట యొకటి నూటపది జీబీలు ఆక్రమించి కూర్చున్నది. అది మా కుమారునిదే. దానిని తీసిన పిమ్మట కారు పందెమునకు చోటు వచ్చినది; ఇంకను మిగిలినది. మా కుమార్తె యిల్లు నిలిచినది. మఱునాడు మేనల్లుడే ఆ పెరటిలో బావి యొకటి త్రవ్వి యిచ్చినాడు.

ఇచట ఒక ముఖ్యవిషయము చెప్పవలయును. ఆటను తీసివేయుట వేఱు; అందులో మనము సాధించినది తీసివేయుట వేఱు. ఎక్స్‌బాక్స్ లో అది ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి యొద్ద ఉచితముగ భద్రమగును. ప్లేస్టేషన్ 4, 5 లలో ఆటను తీసినను సాధించినది పెట్టెలోనే నిలుచును; ఇంటర్నెట్టులో దాచవలెనన్న చందా కట్టవలయును. స్విచ్ లోను ఆట తీసినంతమాత్రమున అది పోదు. అయినను పెట్టె "అన్నియు తీయుదునా?" యని అడిగినపుడు చదువక సరే యనరాదు. బిడ్డ ఎనిమిది నెలల శ్రమ ఒక్క మీటలో నున్నది.

తరువాత చోటు పెంచుకొందుమనుకొను వారికి ఒక మాట. సిరీస్ ఎస్ వచ్చిన 2020లో అమెరికాలో పెట్టె వెల 300 డాలర్లు. దానికి తగిలించు 1 టీబీ కార్డు వెల 220 డాలర్లు! 2023లో 1 టీబీ గల సిరీస్ ఎస్ పెట్టెయే 350 డాలర్లకు వచ్చినది. అనగా చోటును మొదటనే కొనుట పిమ్మట కొనుటకంటె చౌకయైనది. కావున ఎక్కువ చోటు తప్పదని తెలిసిన యింటివారు ఆదిలోనే పెద్దది తీసికొనవలయును.

తెలియనివారు చిన్నది కొని, సాధారణమైన యూఎస్‌బి డిస్కును అటకవలె వాడుకొనవచ్చును. అటకపై వంట చేయలేము. సామాను దించుకొని వండుదుము. అట్లే సిరీస్ ఎస్ కొఱకు చేసిన కొత్త ఆటలను ఆ డిస్కునుండి ఆడ వీలులేదు. లోపలికి దించుకొని ఆడవలయును. 50 జీబీలు దిగుటకు పది పదునైదు నిమిషములు పట్టును. ఇంటర్నెట్టులో మరల తెచ్చుకొను గంటలకంటె అది నయము. పాత ఎక్స్‌బాక్స్ వన్ ఆటలను మాత్రము ఆ డిస్కునుండియే ఆడవచ్చును.

కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మన పిల్లలు ఒక్క కాలమున నిజముగ ఆడు ఆటలెన్ని? తీసివేసినది మరల తెచ్చుకొనుటకు మన యింటి ఇంటర్నెట్టు ఎన్ని గంటలు, ఎంత డబ్బు పుచ్చుకొనును? డిస్కులు ఇచ్చి పుచ్చుకొను బంధువులకు ఏ పెట్టె యున్నది? ఈ మూటికి సమాధానము దొరకినచో 512 చాలునో, 1 టీబీ కావలయునో అంగడివాడు చెప్పనక్కఱ లేదు.

పెట్టె ఇంటికి వచ్చిన నాడే నాలుగవ పని యొకటి చేయుడు. ఇంటిలో ఎందఱు పిల్లలున్న అందఱకు అందులో వంతు ఏర్పఱచుడు. ఆడపిల్ల ఆట రెండు జీబీలే కావచ్చును. ఆ రెండింటిని తాను చెప్పక ఎవరును తాకరాదని అందఱి యెదుట చెప్పుడు. తన చోటు తనదని చిన్నప్పుడే తెలిసిన బిడ్డ, రేపు పెద్దదై ఏ యింట అడుగుపెట్టినను చేతిలోనిది నేలబెట్టి మాటాడక లేచిపోదు.